నేల తాకని బిడ్డ

మా తమ్ముడు రెండేళ్ళు దగ్గర పడేదాకా నేలమీద అడుగు వెయ్యలేదు. వాడికి జబ్బేమీ లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు వెయ్యనివ్వలేదు, అంతే.

ఈ సంగతి చెబితే మా ఇంట్లో పిల్లలు నమ్మరు. "అన్నాళ్ళు ఎవరు మోశారు?" అని అడుగుతారు. అందరం మోశాం. పొద్దున మా అమ్మ చంకలోంచి మా అవ్వ చంకలోకి, అక్కడినుంచి పక్కింటి అత్త చంకలోకి, ఆమె చేపల గంప ఎత్తుకుని బయల్దేరితే ఇంకొకరి చంకలోకి, పొద్దు వాలేసరికి నా చంకలోకి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. వాడు బొద్దుగా, బరువుగా ఉండేవాడు. వానాకాలంలో నా ఎడమ నడుము పీకినప్పుడల్లా ఇప్పటికీ వాణ్ణే తిట్టుకుంటాను. వాడు ఎదురుగా ఉంటే నవ్వుతాడు. నవ్వడానికేం, మోసింది వాడు కాదు కదా.

మాది గూడూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఒక కుప్పం. చేపలు పట్టేవాళ్ళ పల్లెల్ని మా వైపు కుప్పాలంటారు. యాభైలు పోయి అరవైలు వచ్చిన కొత్త. ఇళ్ళన్నీ తాటాకువి. ఇళ్ళకూ సముద్రానికీ మధ్య పొడుగ్గా ఒక ఇసుకదిబ్బ, దిబ్బ నిండా మొగలిపొదలు. ఆ మొగలి వేళ్ళు గాల్లోంచి దిగి ఇసుకను గుప్పిట పట్టుకున్నట్టుండేవి. పూలు విచ్చే కాలంలో ఊరంతా ఆ వాసనలో మునిగి ఉండేది. ఎండుచేపల కంపు మీద మొగలి వాసన పడితే వచ్చే ఒక వాసన ఉంది, అదే నాకు చిన్నతనం. మరెక్కడా దొరకలేదు. అమ్ముతామన్నా కొనేవాళ్ళు ఉండరనుకోండి.

దిబ్బకు ఇవతల, పొదల నీడలో, చెలమలుండేవి. ఇసుకలో చేతులతో గుంట తోడితే కాసేపటికి అడుగున నీళ్ళు ఊరతాయి, కొబ్బరిచిప్పతో ముంచి కడవలో పోసుకోవాలి. అవే మా తాగే నీళ్ళు. సముద్రం అంత దగ్గర్లో తియ్యటి నీళ్ళేమిటని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. "దిబ్బ తాగినంతే మనం తాగేది" అనేది మా అవ్వ. వాన నీళ్ళు దిబ్బ తాగుతుంది, మెల్లగా మాకు వదులుతుంది. దిబ్బ గాలికి ఎగిరిపోకుండా మొగలి పట్టుకుంటుంది. మొగలి పోతే దిబ్బ పోతుంది, దిబ్బ పోతే చెలమలు పోతాయి. ఆడవాళ్ళు ఈ సంగతి పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. పొద్దున్నే నీళ్ళకు పోవడమే అందులో ఉన్న సంగతంతా.

ఆ మొగలిలోనే పురిటిపాక. నొప్పులు మొదలైన మనిషిని మంత్రసాని అక్కడికి తీసుకుపోయేది. గాలి తగలదు, నీళ్ళు దగ్గర, మగవాళ్ళ తెప్పలకూ వలలకూ దూరం. బిడ్డ పుట్టాక మావిని ఏదో ఒక మొగలి మొదట్లో పాతిపెట్టేవాళ్ళు. ఆ నాటినుంచి పొదకూ బిడ్డకూ తోబుట్టువుల లెక్క. ఆ బిడ్డ తన కాళ్ళతో తాను దిబ్బ ఎక్కి దిగేదాకా పొదల మీద కత్తి పడకూడదు. పడితే అది బిడ్డ కాలికి తగులుతుంది. ఇదీ మా ఊరి కట్టు. దీన్ని మీరిన మగవాణ్ణి నేను చూడలేదు. సముద్రానికి పోయేవాళ్ళకు భయం ఎక్కువ, చిన్నచిన్న వాటికి మరీ ఎక్కువ.

ఊళ్ళో ఎప్పుడూ ఎవరో ఒకరు కంటూనే ఉండేవాళ్ళు. ఒక బిడ్డ నడక నేర్చేసరికి ఇంకొక బిడ్డ పాకలో కేర్‌మనేది. అందుకని మొగలి మీద ఎన్నడూ కత్తి పడలేదు. ఎంత అందమైన కట్టు అనుకుంటారు వినేవాళ్ళు. నేను కూడా అనుకునేదాన్ని. ఆ కట్టు పెట్టినవాళ్ళెవరో గాని, ఒక్క ముక్క చెప్పకుండా దాటేశారు. పొద నిలవాలంటే ఆడది ఆగకుండా కంటూ ఉండాలి.

ఆ మధ్య గూడూరు నుంచి చేపల షావుకారి ఒకడు వచ్చాడు. మంచుగడ్డలు వేసిన లారీ తెస్తానన్నాడు. ఒడ్డుకే లారీ వస్తే చేప చేపలాగానే మద్రాసు పోతుంది, ఎండబెట్టే పని, కుళ్ళబెట్టే పని ఉండదన్నాడు. నిజమే. తెప్పలు ఆలస్యంగా ఒడ్డు చేరిన రోజు చేపను ఇసుకలో పాతేయడం నేనూ చూశాను. మా నాయన అలాంటి రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. కాబట్టి మగవాళ్ళ మాటలో న్యాయం లేదని నేను అనను. లారీకి దారి కావాలి. దారి దిబ్బ మీదుగా తప్ప రాదు. దిబ్బను చదును చెయ్యాలంటే ముందు మొగలి కొట్టాలి.

పెద్దకాపు, అంటే మా ఊరి పెద్ద, చెలమల దగ్గరికి వచ్చి మర్యాదగానే చెప్పాడు. ఆయన మా నాయనకు పినతండ్రి వరస, అమ్మ మామా అనేది. పాకలో ఆఖరుగా పుట్టింది మా తమ్ముడే.

"తొందరేం లేదమ్మా. మీ బిడ్డోడు నడవనీ. వాడు దిబ్బెక్కి దిగినాకే కత్తి పట్టేది" అన్నాడు.

మా తమ్ముడు అప్పటికి కడవ అంచు పట్టుకుని నిలబడుతున్నాడు. ఆడవాళ్ళందరూ వాడి వైపు చూశారు. వాడు ఆ చూపులకు మురిసిపోయి కడవ వదిలేసి చప్పట్లు కొట్టి, కూలబడ్డాడు.

ఆ తర్వాత రోజుల్లో చెలమల దగ్గర మాటలు తగ్గు గొంతులో నడిచాయి. నేను చిప్పతో నీళ్ళు తోడుతూ అన్నీ విన్నాను. కడుపుతో ఉన్న కోడళ్ళు ఇద్దరూ తొలికాన్పుకు పుట్టిళ్ళకు పోయారు. అక్కడ పుట్టిన బిడ్డలు మా మొగలికి తోబుట్టువులు కారు. మిగిలినవాళ్ళలో కొందరికి కాలం దాటిపోయింది, కొందరికి కడుపు నిలవలేదు. ఒక్కొక్కరినీ లెక్క తీసేస్తూ వస్తే చివరికి మా అమ్మ మిగిలింది.

"ఇంకొక్కటి కనమ్మే. నీకేం, కాన్పు తెలిసిన ఒళ్ళు" అన్నది పక్కింటి అత్త.

తమ్ముడు పుట్టిన రోజు మా అమ్మ చచ్చి బతికింది. మంత్రసాని కోసం నీళ్ళు తీసుకుపోయిన నేను పాక గుమ్మంలోంచి చూశాను. చాప ఒక వైపంతా నల్లగా తడిసి ఉంది, అమ్మ మొహం గోడ సున్నంలా ఉంది. మంత్రసాని నన్ను బయటికి నెట్టి మా అవ్వతో చెప్పింది, "ఇంకొక కానుపుకి ఈ మనిసి మిగలదు" అని. ఆ మాట ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసే అడుగుతున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నీళ్ళు పోతాయన్న భయం అలాంటిది.

అవ్వ కూడా అన్నది. "దేవుడు ఒకసారి కాపాడినోడు ఇంకోసారి కాపాడడా?"

"ఒకసారి కాపాడి విసుక్కోని ఉంటాడులే" అన్నది అమ్మ. ఆ సాయంత్రమే తన చాప తీసి అవ్వ పక్కన పరుచుకుంది. ఇల్లు చిన్నది, ఇలాంటివి పిల్లలకు తెలుస్తాయి. మా నాయన వల బాగుచేస్తూ తల ఎత్తకుండా అన్నాడు, "కనమని నేను చెప్పలేదే."

"వద్దని కూడా చెప్పలేదు గదయ్యా" అన్నది అమ్మ.

మర్నాడు చెలమల దగ్గర తమ్ముడు మళ్ళీ లేచి నిలబడ్డాడు. ఈసారి ఒక పాదం ఎత్తాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక గాల్లో ఊపుతున్నాడు. అమ్మ చిప్ప పారేసి పరుగున వచ్చి వాణ్ణి ఎత్తుకుంది. చుట్టూ చూసింది.

"వీడు నడిస్తే గదా కత్తి పడేది? నడవనియ్యబాకండి. అందరం ఎత్తుకుందాం" అన్నది.

పక్కింటి అత్త చేతులు చాపింది. అమ్మ వాణ్ణి ఆమెకిచ్చింది. అలా మొదలైంది.

ఆ నెలలు తలుచుకుంటే నాకు వరుస దొరకదు. ఎండ, వాన, మంచు అన్నీ కలిసిపోయి ఒకటే పొడుగాటి పొద్దులా కనిపిస్తుంది. ఆ పొద్దులో ఒక బిడ్డ ఇసుకకు జానెడు పైన తేలుతూ ఊరంతా తిరుగుతున్నాడు. చంక మారుతుంది, చీర రంగు మారుతుంది, బిడ్డ అదే బిడ్డ. వాడి కాళ్ళు ఎప్పుడూ గాల్లోనే. నిద్రపోతే ఉయ్యాల, మెలకువైతే ఒడి. ఇసుక మీద పాకుదామని వంగితే ఎవరో ఒకరి చెయ్యి వచ్చి పైకి లేపేది. ఊరేగింపులో దేవుణ్ణి కింద పెట్టరు చూడండి, అలాగ. వాడు కూడా దేవుడిలాగే అందరి చేతా పెట్టించుకు తినేవాడు.

మంచు పడే ఉదయాల్లో సముద్రం కనిపించేది కాదు, చప్పుడు మాత్రం వినిపించేది. నేను వాణ్ణి ఎత్తుకుని దిబ్బ మీదికి పోయేదాన్ని. మొగలి ఆకుల ముళ్ళ మీద మంచు బొట్లు. వాడు నా మెడ పట్టుకుని వేలితో ఒక్కో బొట్టు రాల్చేవాడు. నాకు నడుము లాగేది, చెయ్యి తిమ్మిరెక్కేది, అయినా కిందికి దించాలని అనిపించేది కాదు. దించితే దిబ్బంతా జారి సముద్రంలో కలిసిపోతుందని నా నమ్మకం. మా తమ్ముడి పాదాలు ఊరిని మోస్తున్నాయని అనుకునేదాన్ని. ఆ వయసులో అంతకన్నా గొప్ప పని ఇంకేముంటుంది?

మధ్యమధ్య పెద్దకాపు వచ్చి అడిగేవాడు. "నడిచినాడా?"

"యాడ మామా, బద్ధకపోడు" అనేది అమ్మ.

మగవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? తెలుసు. కట్టులో నడవాలని ఉంది గాని నడిపించాలని లేదు. కాబట్టి నోరు మూసుకున్నారు. లారీ షావుకారి రెండుసార్లు వచ్చి దిబ్బ చూసి, బిడ్డను చూసి, తిరిగి పోయాడు. మా ఆడవాళ్ళు ఆ సాయంత్రాలు నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

నేను సభల్లో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు లేచి, స్త్రీయే ప్రకృతి, నేల తల్లి, నీరు తల్లి అంటారు. చప్పట్లు కొడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. మా అమ్మ నీళ్ళ కోసం తన ఒళ్ళు ఇవ్వనన్నది, బదులు తన బిడ్డ కాళ్ళు ఇచ్చింది. ఇచ్చినట్టు అప్పటికి ఆమెకే తెలియదు. తల్లి అని పిలిచి మొక్కేవాళ్ళకు ఆ లెక్క ఎలాగూ తెలియదు.

ఆమెకు తెలిసింది నలుగు పెట్టేటప్పుడు. అమ్మ కాళ్ళు చాపుకుని, వాణ్ణి కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రాస్తోంది. నేను పక్కన నీళ్ళు కాస్తున్నాను. ఆమె చెయ్యి వాడి పాదం దగ్గర ఆగింది. బొటనవేలితో అరికాలు నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. మా ఊళ్ళో ఆ వయసు పిల్లల అరికాళ్ళు గరుకెక్కి, ఇసుక పట్టి ఉంటాయి. వాడివి నిన్న పుట్టిన బిడ్డవిలాగ మెత్తగా, గులాబీ రంగులో ఉన్నాయి. పిక్క పట్టుకుంటే వేళ్ళు లోపలికి పోతున్నాయి.

వాణ్ణి తుడవకుండానే ఎత్తి, పెరట్లో ఇసుక మీద నిలబెట్టింది. వాడు రెండు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకున్నాడు. మళ్ళీ పెట్టింది. ఇసుక తగలగానే నిప్పు తగిలినట్టు ఏడ్చాడు. మూడోసారి చేతులు వదిలేసింది. వాడు కాళ్ళు ఉన్నాయని తెలియనట్టు కూలబడి, నన్ను ఎత్తుకోమని రెండు చేతులూ చాపాడు.

నేను వంగబోయాను. "ముట్టుకోబాక" అన్నది అమ్మ. ఆమె ఇసుకలో వాడి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. వీడితో కడవ పట్టుకు నిలబడిన పిల్లలు అప్పటికి అలలతో పరుగుపందేలు పెట్టుకుంటున్నారు.

సాయంత్రం చెలమల దగ్గర అమ్మ చెప్పేసింది. "రేపట్నించి వీణ్ణి ఎవురూ ఎత్తుకోబాకండి."

పెద్ద గొడవయింది. అరుపులు లేవు గాని, గొడవే. చివరింటి కోడలు మలికాన్పు మనిషి, పుట్టింటికి పోలేదు, నెలలు నిండుతున్నాయి. ఆ బిడ్డ పుడితే కట్టు ఆ బిడ్డ మీదికి పోతుంది. అంతదాకా ఆగమన్నారు. అడిగినవాళ్ళలో మా అవ్వ ముందుంది.

"ఇన్నాళ్ళు మోసినాం. ఇంక కొన్నాళ్ళు గదమ్మే. ఊరికి నీళ్ళు నిలస్తాయి" అన్నది అవ్వ.

"ఆ పిల్ల బిడ్డనీ ఇట్నే ఎత్తుకోని తిరగాల్నా అత్తా? ఆ తర్వాత ఇంకో పిల్ల బిడ్డనా? ఎవురో ఒకరు కనాల, ఎవురో ఒకరు కుంటాల. అదేనా?"

"నీళ్ళు లేకపోతే ఆ బిడ్డలేం తాగతారు?"

అమ్మ చెలమ అంచున కూర్చుని చిప్పతో నీళ్ళు ముంచింది. ముంచుతూనే అన్నది, "నీళ్ళు పోతే ఇంకో చోట తవ్వుకుంటాం. బిడ్డ కాళ్ళు యాడ తవ్వుకునేది?"

చివరింటి కోడలు పొట్ట మీద చెయ్యి వేసుకుని అమ్మనే చూస్తోంది. మిగిలినవాళ్ళు కడవలెత్తుకుని వెళ్ళిపోయారు.

మర్నాటినుంచి అమ్మ వాణ్ణి దిబ్బ కిందికి, సముద్రం వైపు, తీసుకుపోయేది. చల్లటి తడి ఇసుకలో గుంట తీసి, అందులో వాణ్ణి నిలబెట్టి, మోకాళ్ళదాకా ఇసుక కప్పేది. కాళ్ళు రాని పిల్లలకు మా వైపు చేసే వైద్యం అదొక్కటే. పడిపోవడానికి వీల్లేక వాడు నిలబడి ఉండేవాడు. మొదట గుక్కపట్టి ఏడ్చేవాడు. అమ్మ ఎదురుగా మఠం వేసుక్కూర్చుని గవ్వలు చూపించేది, పాట పాడేది, పాట అయిపోతే ఊరికే మాట్లాడేది. ఎండకు వాడి మీద తన కొంగు పట్టేది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగేవాళ్ళు కాదు. చెలమలో నీళ్ళు తోడుకునే మా ఇంటి వంతును ఆఖరుకు జరిపారు. అడిగితే, "మర్చిపోయినాం" అన్నారు. అమ్మ అడుగున మిగిలిన నీళ్ళు తెచ్చుకుని వడగట్టుకునేది.

కప్పే ఇసుక రోజురోజుకూ తగ్గింది. మోకాలి నుంచి పిక్క, పిక్క నుంచి మడమ. ఒక పొద్దున కప్పకుండా ఊరికే నిలబెట్టింది. వాడు ఊగాడు, పడ్డాడు, లేచాడు. నేను పక్కనే ఉండి చూస్తున్నాను. వాడు నడవాలని నాకు ఎంత ఉందో, నడవకూడదని అంతే ఉంది. అంతకుముందు అలాంటి బాధ నాకు తెలియదు.

వాడు నడిచిన రోజు సముద్రం మీద పొగమంచు తెరలుగా ఉంది, తెప్పలు అందులోంచి ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. వాడు అమ్మ చెయ్యి వదిలి దిబ్బ వైపు తిరిగాడు. రెండు అడుగులు వేసి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. కొంత నడిచి, కొంత చేతులూ మోకాళ్ళూ వాడి, మొగలి వేళ్ళు పట్టుకుని పైదాకా పోయాడు. అక్కడ నిలబడి కేక పెట్టాడు. ఒడ్డున ఉన్న మగవాళ్ళు వలలు వదిలి చూశారు. వాడు ఇవతలి వైపు, చెలమల వైపు, పరుగులాంటి నడకతో దిగి, కడవ ముంచుతున్న మా అవ్వ వీపు మీద పడ్డాడు.

అవ్వ వాణ్ణి ఎత్తుకోలేదు. అలవాటుకొద్దీ చేతులు చాపి, ఆపుకుంది. వాణ్ణి ఇసుకలో కూర్చోబెట్టి, రెండు పాదాలూ దోసిట్లో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. ఏడ్చింది. వాడు నడిచినందుకో, మొగలి పోతున్నందుకో నేను అడగలేదు. రెంటికీ అయ్యుంటుంది.

పెద్దకాపు కట్టు తప్పలేదు. వాడు ఎక్కి దిగిన మర్నాడే కత్తులు వచ్చాయి. మా నాయన కూడా కత్తి పట్టాడు. మొగలి కొట్టడం తేలిక కాదు, ఆకు మూడు వైపులా కోస్తుంది, అందరి చేతులూ నెత్తురు. లారీకి సరిపడా వెడల్పున దిబ్బ మధ్యలో పొదలు పోయాయి. ఇసుకను తట్టలతో ఎత్తి పక్కకు పోశారు. లారీ వచ్చింది, మేం పిల్లలం దాని చుట్టూ తిరిగి చక్రాలు ముట్టుకున్నాం. చేపలు మద్రాసు పోయాయి. కొన్నాళ్ళు మా నాయన అన్నం వదిలి లేవలేదు. అది కూడా నేను చెప్పాలి.

ఆ ఎండాకాలం గాలికి దిబ్బ కదిలింది. అడ్డం లేని చోటినుంచి ఇసుక పారి దగ్గరి చెలమల్ని పూడ్చేసింది, మిగిలినవాటిలో నీళ్ళు ఉప్పనయ్యాయి. అన్నం ఉడికితే ఉప్పు వెయ్యక్కర్లేదు. ఆడవాళ్ళు దక్షిణంగా, ఊరికి చాలా దూరంలో ఉన్న చిన్న దిబ్బ దాకా కడవలు మోశారు. అక్కడ మొగలి లేదు, నీళ్ళు కొంచెమే ఊరేవి. ఆ దారంతా ఎవరూ మా అమ్మతో మాట్లాడలేదు. ఆమె కడవతో ముందు నడిచేది, తమ్ముడు వెనకాల కడుపు ముందుకు పెట్టుకుని తప్పుటడుగులు వేసుకుంటూ వచ్చేవాడు. ఎత్తుకోమని ఏడిస్తే, "నడవరా నాయనా, నడిస్తే నాకు సంతోషం" అనేది. ఆమెకు తప్పు చేశానన్న భావం ఉందేమోనని నేను చాలా ఏళ్ళు వెతికాను. కనిపించలేదు. దిగులు మాత్రం ఉంది.

కొట్టిన మొగలి కొమ్మలు దారి పక్కన గుట్టగా పడి ఉండేవి. ఎండిపోయినట్టే ఉన్నా, వేళ్ళ దగ్గర పచ్చ మిగిలి ఉంది. మొదటి వానలు పడ్డాక అమ్మ ఒక కొమ్మను గోనెలో చుట్టి నెత్తిన పెట్టుకుంది. చిన్న దిబ్బ గాలి వైపున గుంట తీసి పాతింది. మర్నాడు ఇంకొకటి. నేను ఒకటి లాక్కుంటూ పోయాను, మోచేతి నిండా గీతలు. ఎందుకమ్మా అని అడిగితే, "ఊరికే పోతుండాను గదా, ఖాళీ తలెందుకు" అన్నది.

ఒక రోజు మా వెనక ఇంకొకరి అడుగులు వినిపించాయి. చివరింటి కోడలు. బిడ్డను గుడ్డలో కట్టి రొమ్ముకు ఆనించుకుని, నెత్తి మీద మొగలి కొమ్మ పెట్టుకుని వస్తోంది. ఆమె మాతో కలిసి గుంట తవ్వింది. బిడ్డను పక్కన చీర మీద పడుకోబెడితే వాడు దొర్లి ఇసుకలోకి పోయాడు, గుప్పిటతో ఇసుక తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"వీణ్ణి ఎత్తుకోమని నన్నెవురూ అడగలే అక్కా. వాడిష్టం వాడిది" అన్నది ఆమె.

అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వడం చూశాను. ఆ తర్వాత పక్కింటి అత్త వచ్చింది, ఇంకొందరు వచ్చారు. ఎవరూ క్షమించమనీ క్షమించాననీ అనలేదు. మా వాళ్ళకు ఆ మాటలు రావు. నీళ్ళకు వచ్చిన ప్రతి మనిషీ మొదటి చిప్ప నీళ్ళు ఒక మొగలి మొదట్లో పోసి, తర్వాత తన కడవ నింపుకునేది. అదొక్కటే అక్కడి పద్ధతి. పురిటిపాక మాత్రం ఆ దిబ్బ మీద వెయ్యనివ్వలేదు మా అమ్మ. "ఈటికి బిడ్డల్ని కాపలా పెట్టబాకండి" అన్నది. మావి పాతడానికి కూడా ఒప్పుకోలేదు. అవ్వ కొన్నాళ్ళు సణిగి, చివరికి తనూ ఒక కొమ్మ తెచ్చి పాతింది. ఆ కొమ్మ బతకలేదు, రెండోది బతికింది.

పాత దారిని ఇసుక కప్పేసింది. లారీ ఒకసారి కూరుకుపోతే ఊరంతా తాళ్ళు కట్టి లాగారు. తర్వాత షావుకారి రావడం మానేశాడు. అరవైలు చివరికి వచ్చేసరికి చిన్న దిబ్బ మీద మొగలి నా తల దాటి పెరిగింది. నీళ్ళు పాత చెలమలంత తియ్యగా ఉండేవి కావు, అబద్ధమెందుకు. తాగడానికి బాగానే ఉండేవి. మా అమ్మ మళ్ళీ కనలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దకాపు అక్కడికి వచ్చాడు. ముసలివాడయ్యాడు, కర్ర పట్టుకున్నాడు. వలలు దాచుకోవడానికి కొత్త పాక వెయ్యాలట, ఆ దిబ్బ అంచు చదునుగా ఉందట. వెనకాల నలుగురు మగవాళ్ళు కత్తులు పట్టుకుని ఉన్నారు. ఆయన కట్టు ఎరిగినవాడు, దిబ్బ కిందనే ఆగిపోయాడు. చెలమల దగ్గరున్న ఆడవాళ్ళనందరినీ చూసి, మా అమ్మను అడిగాడు.

"ఈ పొదలో పుట్టినోళ్ళు ఎవురుండారు కోడలా? నడవని బిడ్డ ఎవురు?"

అమ్మ చిప్పలో నీళ్ళు మొగలి మొదట్లో పోసింది. చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచి నిలబడింది.

"బిడ్డలెవురూ లేరు మామా. మేముండాం. మమ్మల్నడుగు" అన్నది.

ఆయన కర్ర మీద వాలి, పొదల్నీ ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అడిగాడు. అమ్మ వద్దన్నది.